తీగే కాదు, రేకూ చూడండి

బోరు మోటారు కాలిపోయి మా వైండింగ్ షాపుకొచ్చే రైతు ముందుగా అడిగేది ఒకటే: "అసలైన రాగి తీగే వేస్తావు కదా అన్నా?" అడగాల్సిందే. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. రాగిలోనైనా 0.04 శాతం భాస్వరం కలిసిందంటే వాహకతలో ఐదో వంతు దాకా పోతుంది.

మరి ఆ తీగ చుట్టేది దేనికి? స్టాంపింగులకు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఇనుప రేకులకు. వాటి గురించి అడిగే నాథుడే లేడు. ఉత్త ఇనుము అయస్కాంతంగా బాగానే పనిచేస్తుంది గానీ, సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే కరెంటుకు దాని లోపలే సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కుతుంది. 3 శాతం సిలికాన్ కలిపితే విద్యుత్ నిరోధం నాలుగైదు రెట్లు పెరిగి ఆ సుడులు అణుగుతాయి. ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1900 ప్రాంతంలోనే తేల్చిన సంగతి ఇది. మోతాదు మించితే మాత్రం రేకు పెళుసెక్కి పంచ్ కింద విరుగుతుంది.

చవక మోటారు విప్పి రేకు ముక్క వంచి చూడండి, మెత్తగా వంగిపోతుంది. సిలికాన్ రేకు బిర్రుగా ఎదురు తిరుగుతుంది.  

నేమ్‌ప్లేటు మీద హెచ్‌పీ, వోల్టుల పక్కన తీగ లోహం, రేకు గ్రేడు కూడా ఉండి తీరాలంటాను. నాసి తీగ, నాసి రేకుల్లో వేడిగా వృథా అయ్యే కరెంటు నష్టం, ఉచిత కరెంటు వల్ల రైతుకు కనిపించదు. ఆ డబ్బు కడుతున్నది ప్రభుత్వం కనుక, పట్టుబట్టాల్సింది కూడా ముందు అదే.