ఫాదర్ గారు రాని ఆదివారం



ఈ వారం రాసేది మనవాళ్లలో కొందరికి నచ్చదు. కథోలిక బంధువులకూ నచ్చకపోవచ్చు. అయినా రాయక తప్పడం లేదు.

ఉద్దానంలో ఒక ఊరు, పేరు వద్దు. ఒక ఇంటాయనకు మూత్రపిండాలు పాడై మూడేళ్లయింది. ఆ జబ్బు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. మిషను మీద నాలుగు గంటలు, రాను పోను దారి వేరే. కొడుకు చెన్నైలో కూలి పనికి వెళ్లాడు. వారు తాతల నాటి నుండి కథోలికులు. నేను ఆ వీధిలో మన సంఘస్థుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "అయ్యగారూ, మా ఇంటికీ ఒకసారొచ్చి ప్రార్థన సేయండి. మా ఫాదరు గారొచ్చేది మూడో ఆదివారమే. అంతవరకూ మాకెవులున్నారు?"

వెళ్లాం. ఒక కీర్తన పాడి, వాక్యం చదివి, ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థించాం. లేచి వస్తుంటే ఆమె అడిగింది: "మేం మీ సంఘంలో కలిసిపోతే బాగుంటాదా?"

వద్దమ్మా అన్నాను.

ఇది తెలిసి మన పెద్దలిద్దరు నా మీద కోప్పడ్డారు. వచ్చిన గొర్రెను తోసేస్తారా అని. నేను తోసేయలేదు. ఆమెకు క్రీస్తు తెలుసు. పలకరించే మనిషి లేక అడిగింది. ఆమె ఒంటరితనాన్ని అడ్డం పెట్టుకొని మన సభ్యుల పుస్తకంలో ఒక పేరు పెంచుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆమెను అలాగే వదిలేస్తే నేనూ దోషినే. అందుకే కథోలిక సహోదరులారా, ఇకపై మాటలు మీతో.

మీ విచారణలో ఒక్క ఫాదర్ గారికి ఎన్నో ఊళ్లు. ఆయన ప్రతి ఆదివారం ప్రతి ఊరికీ రాలేరు. దానికి ఎవరినీ తప్పు పట్టను. ఆయన రాని ఆదివారం గుడికి తాళం ఎందుకు వేస్తున్నారన్నదే నా ప్రశ్న. మొన్న వానాకాలంలో నేను టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచం పట్టాను. మన మందిరంలో ఒక్క ఆరాధన కూడా ఆగలేదు. జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే సహోదరి సాక్ష్యం చెప్పింది. ఇంటర్ చదివే కుర్రాడు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పాడు. (బాగా చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. నా మొదటి ప్రసంగం అంతకన్నా అధ్వానం.) పాస్టరు లేకపోయినా సంఘం ఉంటుంది. మీరు మా దగ్గర మొదట చూడవలసింది ఇదే.

ఇది మా బోధ అని కొట్టిపారేయకండి. మీ 1983 కానన్ చట్టంలో 1248వ సూత్రం చూడండి. గురువు లేక పూజ జరగనప్పుడు గుడిలో వాక్య ఆరాధనలో పాల్గొనమనీ, లేదా ఇంట్లో గానీ, కొన్ని కుటుంబాలు కూడి గానీ ప్రార్థించమనీ అది గట్టిగా చెబుతోంది. అలాంటి ఆదివారాలు ఎలా జరుపుకోవాలో 1988లో రోము నుండి ప్రత్యేక మార్గదర్శకాలే వచ్చాయి. రెండవ వాటికన్ మహాసభ 1963లోనే ఆరాధనలో విశ్వాసులందరూ తెలిసి, చురుకుగా పాలుపొందాలని తీర్మానించింది. మీ ఇంట్లో ఉన్న దీపం వెలిగించమంటున్నాను, అంతే.

రెండవది బైబిలు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు ఆనందరాయర్ సాయంతో తెలుగు అనువాదం మొదలుపెట్టారు. వారి సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళంలో కెనడా బాప్తిస్టులు, సాలూరు వైపు లూథరన్లు వచ్చారు. అందరూ చేసిన మేలు ఒకటుంది: అక్షరం రాని ముసలమ్మ చేతిలో కూడా బైబిలు పెట్టారు. ఆమె మనవడు చదివితే ఆమె వింటుంది. మీ మహాసభ 1965లో లేఖనాలు విశ్వాసులందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది కదా. మీ ఇళ్లలో జపమాల గోడకు ఉంది, బైబిలు బీరువాలో ఉంది. జపమాల గురించి మనకు భేదం ఉంది, అది ఈ రోజు మాట కాదు. బీరువా తెరవండి, చాలు.

ఇక సహవాసం. దివ్యసత్ప్రసాదం నిజంగా క్రీస్తు శరీరమేనని మాకన్నా గట్టిగా నమ్మేది మీరు. మొదటి కొరింథీ 11 చదవండి. బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు కడుపు నింపుకున్నందుకు పౌలు ఎంత కోపించాడో చూడండి. అదే శరీరంలో అవయవమైన ఒక మనిషి మూడేళ్లుగా పలాస బస్సెక్కుతుంటే, పూజ అయ్యాక ఆయన పక్కన నిలబడేవారు లేకపోతే, మీ విశ్వాసమే మిమ్మల్ని నిలదీస్తోంది. మా స్త్రీల సమాజం వాళ్లు శుక్రవారం ఒక ఇంటికి వెళ్తారు, చేతిలో గంజి గిన్నెతో సహా. ఇది మహిమ ఏమీ కాదు, అలవాటు.

మీరు అనబోయేది తెలుసు: మీ గృహకూటాల నుండే కదా చీలికలు పుట్టేది? నిజమే. ఒకే వీధిలో మూడు మందిరాలు, మూడు మైకులు. పాస్టరుతో పడకపోతే మర్నాడే రేకుల షెడ్డు. సిగ్గుపడుతున్నాను. కానీ మీకు మేత్రాసనం ఉంది, బిషప్ గారు ఉన్నారు. ఆ కట్టు ఉండగా ఇంటి ప్రార్థనకు భయపడవలసింది మాకన్నా మీరు తక్కువ.

గత నెల ఆ విచారణ ఫాదర్ గారిని కలిశాను. టీ ఇచ్చారు, ఓపికగా విన్నారు. గుడి తాళంచెవి ఇకపై ఉపదేశి దగ్గర ఉంచుతానన్నారు.

మన సంఘస్థులకు ఒక ప్రకటన: వచ్చే శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు గృహకూటం ఆ ఇంటి అరుగు మీదే. కథోలిక కుటుంబాలు కూడా వస్తున్నాయి. పాటలు వాళ్లే ఎంచుతారు. మైకు తేవద్దు, ఆయన డయాలసిస్ చేయించుకుని వచ్చి ఉంటారు.