ఆడపిల్ల ఆటకు అడ్డు దీనా? దునియానా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోని మన ఇళ్ళలో ఆడపిల్ల ఆటకు ఒక గడువుంది. ఏడో తరగతి దాకా బడి మైదానంలో బంతి తన్నిన పిల్ల ఎనిమిదిలోకి రాగానే ఇంటికి పరిమితమవుతుంది. "నలుగురూ ఏమనుకుంటారు? రేపు రిష్తా ఎలా కుదురుతుంది?" అంటారు పెద్దలు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోనులో వద్దన్నాడంటే ఇక తిరుగులేదు. దీనంతటికీ మనం దీన్ పేరు చెబుతున్నాం. ఇది న్యాయమేనా?

దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర.అ)తో పరుగుపందెం వేశారనీ, ఒకసారి ఆమె, మరోసారి ఆయన గెలిచారనీ అబూదావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. షరీఅత్ ఆటను నిషేధించలేదు, హద్దులు నిర్ణయించింది. సతర్‌ను కాపాడే దుస్తులుండాలి, పరాయి మగవారితో కలసిమెలసి ఆడరాదు, నమాజు తప్పరాదు. ఈ హద్దులు పాటించమని చెప్పడం పెద్దల బాధ్యత. ఆటనే మాన్పించడం మాత్రం మనం కల్పించుకున్న ఆచారం.

దుస్తులతోనే చిక్కు అంటారా? 2011లో హిజాబ్ కారణంగా ఇరాన్ మహిళల జట్టును ఒలింపిక్ అర్హత పోటీలో ఆడనివ్వలేదు. జోర్డాన్ రాకుమారుడు అలీ వంటివారు గట్టిగా వాదించగా 2014లో ఫుట్‌బాల్ నియమాలు మారాయి. 2023 ప్రపంచ కప్‌లో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెన్‌జీనా హిజాబ్‌తోనే ఆడింది.

అంతదూరం ఎందుకు? కోరుట్ల నుంచి ఆర్మూరు మీదుగా వెళితే నిజామాబాద్. ఆ జిల్లా గిరిజన బిడ్డ సౌమ్య గుగులోత్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు దాకా ఎదిగి, 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఆ ఊరి ముస్లిం బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. బంధువులు ఆక్షేపించినా తండ్రి జమీల్ అహ్మద్ ఆమె వెంట నిలిచారు. ఆమె ఆట దుస్తుల విషయంలో మనలో కొందరికి భిన్నాభిప్రాయం ఉండవచ్చు. ఆ తండ్రి అండ నుంచి నేర్చుకోవలసింది మాత్రం అందరికీ ఉంది.

మన ఇళ్ళలో పిల్ల చాట ఒళ్ళో పెట్టుకుని, పొగాకు ఘాటు పీలుస్తూ, నడుము వంచి రోజంతా బీడీలు చుడితే ఎవరికీ షరమ్ గుర్తుకు రాదు. గంటసేపు పరుగెత్తితేనే ఖాందాన్ ఇజ్జత్ పోతుందా?

మస్జిదు కమిటీలు, బడుల యాజమాన్యాలు ఒకచోట కూర్చోవాలి. అసర్ తర్వాత ఒక గంట మైదానాన్ని ఆడపిల్లలకే కేటాయించమనండి. నేర్పేందుకు వ్యాయామ ఉపాధ్యాయురాలిని అడగండి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, తలకు స్కార్ఫు చాలు. తల్లులు వచ్చి పక్కన కూర్చోవచ్చు. మగ్రిబ్ అజాన్‌కు పిల్లలు ఇల్లు చేరతారు.

ఆరోగ్యం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. కొడుకుకిచ్చిన అమానత్‌ను కాపాడి, కూతురి అమానత్‌ను మూలన పడేస్తే రేపు జవాబు చెప్పుకోవలసింది మనమే. అల్లాహ్ మనకు సరైన అవగాహన ప్రసాదించుగాక! ఆమీన్.