భరణి వానకు జనుము చల్లుదాం

వేసవిలో సుగటూరు హోబళి దారుల్లో ఒకసారి నడిచి చూడండి. బోరు నీళ్లు పారే టమోటా మడులు, మల్బరీ తోటలు తప్పిస్తే మిగతా చేలన్నీ బోసిపోయి కనిపిస్తాయి. రాగులు కోసి, కుప్పలు నూర్చి, గడ్డి వామి వేసుకున్నాక మళ్లీ ఆషాఢ శ్రావణాల్లో విత్తనం పడేదాకా, అంటే దాదాపు ఆరు నెలలు, ఆ నేల మీద గడ్డిపోచ ఉండదు. నడుమ ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో, గాలితో నాలుగు వానలు పడతాయి. ఒట్టి నేల మీద పడ్డ ఆ వాన నిలవదు, ఇంకదు. ఎర్రటి నీళ్లయి కాలువ పట్టుకుని పోతుంది. వాన పడిందని మనం సంతోషపడతాం. ఆ ఎర్ర నీళ్లతో పాటు చేని సారమూ కొట్టుకుపోయిందన్న సంగతి మాత్రం పట్టించుకోం.

కోలారు జిల్లాలో సేద్యం గురించి ఎవరు నోరు తెరిచినా నీళ్ల గురించే మాట్లాడతారు. అందులో తప్పేమీ లేదు. జీవనది అన్నది లేని జిల్లా ఇది. వెయ్యి అడుగులు దాటి బోరు దించినా తడి తగలని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. 2018లో బెంగళూరు నుంచి కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ పథకం కింద శుద్ధి చేసిన మురుగునీరు మన చెరువులకు వచ్చింది. ఆ నీటి మంచి చెడ్డల మీద వాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. అయితే నీళ్ల గోడు వినీ వినీ మట్టి గోడు వినడం మరిచిపోయాం. 2015లో మొదలైన భూసార కార్డు చాలా ఇళ్లలో బీరువాలోనే ఉంది. అందులో సేంద్రియ కర్బనం అని ఒక వరస ఉంటుంది. అర శాతం లోపు ఉంటే తక్కువ అని లెక్క. మన ఎర్ర గరప నేలల్లో చాలా వాటికి ఆ 'తక్కువ' ముద్రే పడుతుంది. కర్బనం లేని మట్టి వాననూ పట్టి ఉంచలేదు, వేసిన ఎరువునూ పట్టి ఉంచలేదు. చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?

చలి దేశాల రైతులు ఈ జబ్బుకు మందు ఎప్పుడో కనుక్కున్నారు. ఇంగ్లండులో 18వ శతాబ్దంలోనే టర్నిప్, బార్లీ, క్లోవర్, గోధుమ అని నాలుగేళ్ల పంట వరస పెట్టుకున్నారు. వాళ్ల రెడ్ క్లోవర్ ఉన్నన్నాళ్లు నేలను కప్పి కాపాడుతుంది, పశువుకు మేత అవుతుంది, దున్నేస్తే ఎరువవుతుంది. ఇలాంటి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. ఆ క్లోవర్ మన ఎండలకు బతికేది కాదు. దాన్ని తెచ్చుకోవాల్సిన అవసరమూ మనకు లేదు. జనుము ఉంది, కన్నడంలో సెణబు అంటాం. జీలుగ, పిల్లిపెసర, అలసంద, ఉలవ ఉన్నాయి. వీటి వేళ్లకూ ఆ బుడిపెలే ఉంటాయి.

లెక్క చూద్దాం. ఎకరాకు 12 నుంచి 15 కిలోల జనుము విత్తనం చల్లి, 45 రోజులకు పూత పట్టే వేళ దున్నేస్తే, తడి బాగా ఉన్నచోట అయిదారు టన్నుల పచ్చిరొట్ట వస్తుంది. మన మెట్ట చేలల్లో అందులో సగమే వచ్చిందనుకుందాం. అయినా పది, పన్నెండు కిలోల నత్రజని ఆ రొట్టలో ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే ఇది అర బస్తా యూరియా పాటి. సబ్సిడీ పోను రూ.266.50కే బస్తా ఇస్తుంటే ఇంత తంటా ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ యూరియా నత్రజని ఇచ్చి ఊరుకుంటుంది. రొట్ట కుళ్లి మన్నులో కలిస్తే వానపాములు వస్తాయి, నేల గుల్లబారుతుంది, పడ్డ వాన లోపలికి దిగుతుంది. నడుమ వాన మొహం చాటేసినప్పుడు పైరు నాలుగు రోజులు ఎక్కువ నిలబడేది ఆ తడితోనే. యూరియా బస్తా ఈ పని చేయలేదు.

టమోటా రైతుకు ఇంకో లాభం ఉంది. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల పెట్టె రెండు వేలు దాటింది. అలాంటి రేటు మళ్లీ వస్తుందన్న ఆశతో మడికి ఊపిరి ఇవ్వకుండా టమోటా మీద టమోటా పెట్టేవాళ్లు ఎందరో. అలా పెడితే వేళ్లకు గడ్డలు కట్టించే నులిపురుగు నేలలో ముదిరిపోతుంది. ఆ పురుగు జనుము వేరు మీద పెరగలేదు. నడుమ ఒక్క జనుము పంట వేసి దున్నితే దాని జోరు తగ్గుతుంది.

అదను కూడా మన చేతిలోనే ఉంది. 'భరణి మళె, ధరణి బెళె' అని కన్నడ సామెత. భరణి వాన పడితే భూమంతా పంటే అన్నారు పెద్దలు. భరణి, కృత్తిక కార్తెల్లో పడ్డ వానకు జనుము చల్లితే జూన్ చివరికి దున్నేయొచ్చు. రెండు మూడు వారాలు కుళ్లనిస్తే రాగి విత్తే వేళకు నేల సిద్ధం. రాగి సాళ్ల నడుమ అవరె, తొగరి 'అక్కడి' సాళ్లు వేయడం, వేసవిలో చెరువు మట్టి తోలడం, గట్ల మీది గానుగ ఆకు కోసి మడిలో తొక్కించడం మన తాతలు చేసిన పనులే. చెరువులు ఎండాయి. గట్ల మీది గానుగ తగ్గింది. కూలీలు దొరకని చేలల్లో నీలగిరి వచ్చి కూర్చుంది. దాన్ని కొత్తగా నాటొద్దని కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేసరికి 2017 వచ్చేసింది.

ముళబాగిలు, నంగలి దాటితే పలమనేరు. మన్ను అదే, వాన కొంచెం అటూ ఇటూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలై రైతు సాధికార సంస్థ చేతుల మీద నడుస్తున్న ప్రకృతి సేద్యం పథకంలో, వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతిని రైతుల్లోకి తీసుకెళ్లారు. పప్పు, నూనె, చిరుధాన్యం, ఆకుకూర గింజలకు మట్టి, పేడ పట్టించి చల్లుతారు. చినుకు పడగానే మొలుస్తాయి. ఊరూరా ఈ మాట మోసింది మహిళా సంఘాలే. ఈ పనికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వారి బహుమతి, మట్టి కర్బనం మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి దక్కింది. అక్కడి మాట తెలుగులో ఉంది, మనకు తెలుసు. ఇక్కడి ఆఫీసు మాట కన్నడంలో ఉంది, అదీ మనకు తెలుసు. రెండు భాషలు వచ్చిన మనోళ్ల కన్నా ఆ పద్ధతిని ఈవలికి తేగలవాళ్లు ఎవరున్నారు?

అడ్డంకులు లేవని అనడం లేదు. మొదటిది మేకలు, పశువులు. పంట కోశాక చేలన్నీ ఊరి పశువులకు వదిలేయడం రివాజు. ఒక్కడు జనుము చల్లితే ఊరి మేకలన్నీ అతని చేనిమీదే పడతాయి. అదే ఒక పక్క చేల రైతులంతా కలిసి చల్లి, కాపరులతో ముందే మాట్లాడుకుని మేతకు వేరే చోటు చూపితే గొడవ ఉండదు. రెండోది వాన. కరువు ఏట జనుము కూడా తడి తాగుతుంది, రాగికి మిగలదు. అలాంటప్పుడు పూత దాకా ఆగకుండా నెల రోజులకే కోసి నేల మీద పరిచేయాలి. మూడోది ఖర్చు. విత్తనం, ట్రాక్టరు బాడుగ కలిపితే రెండెకరాల రైతుకు అది చిన్న మొత్తం కాదు. ఫలితమా, మొదటి ఏడే కళ్లకు కట్టదు. కౌలు రైతయితే వచ్చే ఏడు ఆ చేను తనకే ఉంటుందో లేదో తెలియదు. ఎవరి నేల కోసం ఎవరు ఖర్చు పెట్టాలి?

అందుకే ఇది రైతు ఒక్కడి మీద వదిలేసే పని కాదు. హోబళి రైత సంపర్క కేంద్రానికి జనుము, జీలుగ, అలసంద విత్తనం సబ్సిడీ మీద ఏప్రిల్ ముగిసేలోగా చేరాలి. జూన్‌లో వచ్చే విత్తనం భరణి వానకు పనికిరాదు. విత్తనం ఇచ్చేటప్పుడు కౌలు రైతును పహణీ అడిగి వెనక్కి పంపకూడదు. టమకలోని కృషి విజ్ఞాన కేంద్రం సుగటూరు లాంటి ఊళ్లో నలుగురి చేలల్లో సగం జనుము, సగం ఒట్టి దుక్కి పెట్టించి, రాగి కోతనాడు రెండింటినీ తూచి ఊరందరికీ చూపించాలి. రైతు చెవితో విన్నది మరిచిపోతాడు, తూకంలో చూసింది మరువడు.

కోలారు నేల కింది బంగారాన్ని 120 ఏళ్లు తవ్వారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. కేజీఎఫ్‌లో ఇప్పుడు సైనైడు మట్టి దిబ్బలు మిగిలాయి, గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వకపోతే నేల ఏమవుతుందో చూసిన జిల్లా మనది. పైమన్ను విషయంలో ఇంకా ఆలస్యం కాలేదు. వచ్చే భరణికి ఒక్క అరెకరంలో అయినా జనుము చల్లి చూడాలి.