మీటర్ మార్చడం రిపేరు కాదు మహాప్రభో!

"మీటర్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం."

పాత బండికి పెట్రోల్ ముల్లు పనిచెయ్యట్లేదని ఏ షెడ్డుకి వెళ్ళినా దాదాపు ఇదే మాట. ఒక్క వైరు పీకి చూడరు. నాడి పట్టకుండానే ఆపరేషన్ అన్నమాట!

ముందుగా ఓ సంగతి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండే 'వింటేజ్'. ఆ కాలపు బుల్లెట్లకీ, రాజ్‌దూత్‌లకీ అసలు పెట్రోల్ ముల్లే లేదు. బండి దగ్గితే రిజర్వ్‌కి తిప్పుకోవడమే. దానికి కరెంటుతో పని లేదు, అబద్ధం చెప్పడమూ రాదు. ముల్లు గొడవంతా తర్వాత వచ్చిన స్ప్లెండర్ లాంటి బళ్ళది. మా దొనకొండ వైపు వాటికింకా రిటైర్మెంట్ రాలేదు.

ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోటు, అది పైకీ కిందకీ కదిలితే మారే రెసిస్టెన్సు... రెండూ కలిపి సెండర్. హ్యాండిల్ దగ్గర ముల్లున్న మీటర్. మధ్యలో వైర్లు. మొత్తం మూడే ముక్కలు. తప్పు ఏ ముక్కలో ఉందో తేల్చడానికి పది నిమిషాలు చాలు.

ట్యాంకు కింద సెండర్ కనెక్టర్ ఊడదీయండి. తాళం ఆన్ చేసి, బండి వైపు వచ్చే రెండు వైర్లనీ ఓ చిన్న వైరు ముక్కతో కొద్ది క్షణాలు కలపండి (పెట్రోల్ కారుతుంటే మాత్రం ఈ పని వద్దు). చాలా బళ్ళలో ముల్లు మెల్లగా ఫుల్ వైపు లేస్తుంది, కొన్నింట్లో ఎంప్టీ వైపు పోతుంది. కదిలిందా? మీటరూ వైరింగూ శుభ్రంగా ఉన్నట్టే. కదల్లేదా? మీటర్ దగ్గరికి కరెంటు వస్తోందో లేదో, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మల్టీమీటర్ పెట్టి చూడండి. అవి రెండూ బాగుండి, మధ్య వైరు కూడా తెగకుండా ఉంటే, అప్పుడు మీటర్‌ని తిట్టండి.

తప్పు సెండర్‌దని తేలితే, ట్యాంకు ఖాళీ చేసి, ఆరుబయట, నిప్పుకి దూరంగా దాన్ని తియ్యండి. ఫ్లోటు చేతిని కిందినుంచి పైకి కదిపితే ఓమ్స్ అంకె సాఫీగా మారాలి. మధ్యలో ఎగిరి దూకితే ట్రాక్ అరిగిందని అర్థం. ఫ్లోటు ఊపితే గలగలమంటే లోపలికి పెట్రోల్ దూరింది, ఇక అది తేలదు. ట్యాంకు నిండా పోయించినా ముల్లు సున్నా దగ్గరే పడుకుంటుంది.

చూశారుగా, ఇన్ని కారణాల్లో కొత్త మీటర్ అవసరమైనది ఒక్కటే!

"ఆ మాత్రం డబ్బులకి ఇంత రాద్ధాంతమా?" అంటారా? మీకది ఓ వీకెండ్ పిజ్జా. దొనకొండలో కూలి పనికెళ్ళేవాడికి పనిదినం. పైగా కొత్త మీటర్ వేసినా ముల్లు కదలదు, తప్పు అక్కడ లేదు కాబట్టి. రాత్రిపూట మార్కాపురం దారిలో బండి తోసుకుంటూ నడిచేది వాడే.

అయితే మెకానిక్‌ని తిట్టి చేతులు దులుపుకుందామా? నేనొప్పుకోను. శబ్దం విని ఇంజన్ జబ్బు చెప్పగలవాడికి ఈ టెస్ట్ ఓ లెక్కా? అసలు కిటుకు వేరే ఉంది. వెతికినందుకు వంద అడిగితే "వైరు తుడిచినందుకు వందా?" అని మొహం మీదే అనేస్తారు మనవాళ్ళు. అదే కొత్త మీటర్ బిగిస్తే నోరెత్తకుండా ఇస్తారు. ఇంకతను వెతకడం ఎందుకు? మార్చేస్తే పోలా!

ఇలా బేరమాడే వాళ్ళలో సగంమంది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సాఫ్ట్‌వేర్ పుంగవులే. బగ్ ఎక్కడుందో వెతికిన ప్రతి గంటకీ క్లయింటుకి బిల్లు వేస్తారు. చివరికి మార్చింది ఒక్క లైనే అయినా సరే! లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టేవాణ్ణి చూసి నవ్వుతారు. ఊరెళ్ళాక నాన్న బండి దగ్గర మాత్రం "మార్చెయ్ అన్నా, ఎంతైతే అంత" అంటారు.

అయ్యలారా, వెతకడమే అసలు పని. ఆ పనికి మనకి జీతమిస్తున్నారు. షెడ్డులో అన్నకి కూడా "ముందు టెస్ట్ చెయ్, దానికి వేరే డబ్బులిస్తా" అని చెప్పి చూడండి. మీ నాన్న బండికి కొత్త మీటర్ అక్కర్లేదని ఆయనే చెప్తాడు.