వంగపండుకి ఒక్క వాక్యమేనా?

సంపాదకుల వారికి,

గత సంచికలో ప్రజా వాగ్గేయకారుల మీద వేసిన వ్యాసం చదివాను. గద్దర్‌కి రెండు పేజీలు ఇచ్చారు, సంతోషం. 1972లో ఆయనతో కలిసి జననాట్యమండలిని నిలబెట్టిన వంగపండు ప్రసాదరావుకి మాత్రం ఒక్క వాక్యం! అదీ ‘ఏం పిల్లడో’ రాసినాయన అని. ఆ ఒక్క పాటే ఆయనకి పేరూ తెచ్చింది, మిగతా వందల పాటల్ని కప్పేసింది కూడా.

మా నాన్న విశాఖ షిప్‌యార్డులో పనిచేసేవాడు. వంగపండూ అక్కడి కార్మికుడే. యంత్రం ఎలా నడుస్తుందో చెబుతూ ఆయన కట్టిన పాటని నాన్న స్నానాల గదిలో పాడుకునేవాడు. గొంతు బాగుండేది కాదు లెండి. కానీ చేతుల గ్రీజు వదిలేదాకా పాట ఆగేది కాదు. ఇప్పటికీ ఆ పాట వింటే నాకు ముందు లైఫ్‌బాయ్ సబ్బు వాసనొస్తుంది.

ఇంకో మాట. మాది పార్వతీపురం వైపు యాస. ‘గుంటడు’, ‘ఎల్దము’ అంటే బడిలో నవ్వేవారు. అమ్మ మాట్లాడినట్టే మాట్లాడే పాటని మైకులో మొదటిసారి విన్నరోజు, వీధి చివర నిలబడి పూర్తయ్యేదాకా కదల్లేదు. మా వైపే పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ఆ యాసని దిద్దుకోకుండానే పాడాడు.

2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు కరోనా రోజులు. కడచూపుకి వెళ్లలేకపోయాను. ఆయన పాటల మీద ఒక పూర్తి వ్యాసం వేయండి. ‘ఏం పిల్లడో’ దగ్గరే ఆగిపోకండి.

– ఒక పాఠకుడు, గాజువాక