చేతి ఒడుపు – కొలత పానా

పనివాని చేయి గొప్పదా, పనిముట్టు గొప్పదా అన్న వాదం చాలా పాతది. దానిని తేల్చడానికి పెద్ద గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఒక నట్టును ఎంతవరకు బిగించవలెనన్న చిన్న ప్రశ్న చాలును.

మాదాపూరులో ఈ ప్రశ్న ప్రతిదినమూ ఎదురవుతూనే ఉన్నది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి ఆ ఊరు లెక్కల ఊరయినది. అక్కడి అద్దాల మేడలలో సెకనులో వెయ్యోవంతును సైతం లెక్కగట్టే ఉద్యోగులు ఉన్నారు. వారు ఎక్కివచ్చే మోటారు సైకిలును బాగుచేసే మెకానిక్కు మాత్రం చాలాచోట్ల పానా పట్టి, మణికట్టుకు తగిలిన బిగువునుబట్టి ఇక చాలునని వదలిపెడతాడు. అతని పని అశాస్త్రీయమని ఒక్కమాటలో తీసిపారవేయడం సులభం. టార్కు రెంచి అనే కొలత పానా ఉంటే ఇక చేతితో నిమిత్తమే లేదనడం కూడ అంతే సులభం. రెండూ తొందరపాటు మాటలే.

బోల్టును బిగించడమంటే దానిని సాగదీయడమే. ఉక్కుబోల్టు స్ప్రింగు వలె కంటికి కనిపించనంత స్వల్పంగా సాగి, తిరిగి ముడుచుకొనబోతూ, రెండు భాగాలను కలిపి అదిమి పట్టుకొంటుంది. చాలినంత సాగకపోతే అదురుకు నట్టు వదులవుతుంది. మితిమీరి సాగితే మరలు చెడతాయి, లేదా బోల్టే తెగుతుంది. తెగేదాకా లాగరాదన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ సాగుదలను కన్ను చూడలేదు కనుక, మెలితిప్పే బలాన్ని కొలిచి దానిని ఊహించడానికి కొలత పానా పుట్టినది. 1918లో న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ దీనిని కల్పించినట్లు చెబుతారు. గొట్టాల అతుకుల వద్ద బోల్టులు అతిగా బిగియకుండా చూడడం అతని ఉద్దేశం. అక్కడి పనివారికి నేర్పు లేదని కాదు. ఒకే అతుకులోని బోల్టులన్నీ సమంగా బిగియవలె. మనుష్యుల చేతులు మాత్రం సమంగా ఉండవు. ఉదయపు చేయి వేరు, సాయంకాలపు అలసిన చేయి వేరు. పొట్టి పానా చేతికి చెప్పే కబురు వేరు, పొడుగు పానా చెప్పేది వేరు.

తులాదండం పాఠం చదివిన విద్యార్థికి ఈ లెక్క కష్టం కాదు. కారు చక్రపు నట్లకు సాధారణంగా చెప్పే బిగువు సుమారు 100 న్యూటన్ మీటర్లు. అనగా మీటరు పొడవున్న పిడి చివర దాదాపు 10 కిలోల బరువును వ్రేలాడదీసినంత. పానాకు మీటరు పొడవు పైపు తొడిగి, దాని చివర 60 కిలోల మనిషి నిలబడి త్రొక్కితే, ఆ నట్టుపై పడేది ఉండవలసినదానికి ఆరురెట్లు!

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఉస్తాదు మణికట్టులోని జ్ఞానం అతనితోనే పోతుంది; శిష్యుడు మళ్లీ బోల్టులు తెంపుకొంటూనే దానిని సంపాదించవలె. అంకెను మాత్రం పుస్తకంలో వ్రాయవచ్చును, బడిలో చెప్పవచ్చును, తప్పయితే దిద్దవచ్చును.

అయినా అంకెను దైవంగా చేయరాదు. మనం వెచ్చించే మెలిబలంలో సుమారు సగం నట్టు క్రింది రాపిడికే పోతుంది. మరి 40 వంతులు మరల రాపిడికి పోగా, బోల్టును సాగదీయడానికి మిగిలేది నూటికి పదివంతులే. మరలకు నూనె పూస్తే అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. త్రుప్పు పట్టితే తక్కువ సాగుతుంది. ఇంజనీర్లు సాధారణంగా వాడే పట్టికలో చేతి అంచనాకు అటూఇటూ 35 శాతం తేడా రావచ్చునని ఉంటే, కొలత పానాకు సైతం 25 శాతం తేడా రావచ్చునని ఉన్నది. ఆ రెంటి నడుమ దూరం మనం అనుకొన్నంత పెద్దది కాదు. పైగా పానాయే క్రమంగా తప్పుతుంది. అందుకే ఏడాదికొకసారి, లేదా 5,000 బిగింపులకొకసారి దానిని సరిచూడవలెనని అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది.

మరొక లోపం ఇంకా పెద్దది. నట్టు వంకరగా మరలకెక్కినా, కొలత పానా తన అంకె రాగానే టిక్కుమని శబ్దం చేస్తుంది. వంకరను మొట్టమొదట కనిపెట్టేది వ్రేళ్లు మాత్రమే. కనుక మంచి పనివాడు మొదటి రెండు మూడు చుట్లు పానా ముట్టకుండా వ్రేళ్లతోనే త్రిప్పుతాడు.

ఈ విషయమై దుర్గం చెరువు మీది తీగల వంతెన మనకు మంచి పాఠం చెప్పగలదు. మాదాపూరును జూబిలీ హిల్సుతో కలిపే ఈ వంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమయినది. దాని ప్రధాన భాగం సుమారు 234 మీటర్లు. ఇటువంటి వంతెనల తీగలను ద్రవపీడనంతో పనిచేసే జాకీలతో లాగుతారు. అప్పుడు జాకీ చూపే పీడనాన్ని ఒక్కదానినే నమ్మరు. తీగ ఎంత సాగినదో వేరుగా కొలిచి, ఆ రెంటినీ సరిచూస్తారు. ఒక సాక్షి మాటను మరొక సాక్షితో పోల్చి చూడడమే అక్కడి నీతి.

రోడ్డుప్రక్క షెడ్డులోనూ ఈ నీతి చెల్లుతుంది. మొదటి చుట్లు వ్రేళ్లవి, చివరి బిగువు కొలతది. ప్రతి చిన్న మరకూ ఖరీదైన పనిముట్టు కావాలని ఎవరూ అనరు. కాని చక్రాలకు, బ్రేకులకు, ఇంజను తలకు, అల్యూమినియంలో దిగే నూనె బోల్టుకు మెకానిక్కు కొలత పానా పట్టవలె. బండి యజమాని అది ఆలస్యమని విసుగుకొనరాదు. వదులైన చక్రం వెల అతని ప్రాణమే కావచ్చును.

దీనిని ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. బల్లకు గట్టిగా అమర్చిన ఒక చిన్న బోల్టు, పానా, స్ప్రింగు త్రాసు చాలును. త్రాసును పానా చివర తగిలించి, పానాకు లంబంగా లాగమనండి. లాగే విద్యార్థికి అంకె కనపడకుండా మరొకడు దానిని వ్రాసుకొనవలె. "ఒకే బిగువు" అనుకొంటూ అయిదుసార్లు లాగితే, ఆ అయిదు అంకెలూ ఒక్కటిగా ఉండడం అరుదు. అందులో సిగ్గుపడవలసినది లేదు. తన చేతి తేడా తనకు తెలిసిన పనివాడు తెలియనివానికన్న నమ్మదగినవాడు. చేతికి ఆ ఎరుక కలిగించడమే కొలత చేసే మేలు.