మందుతోపాటు పరిశీలన

మనస్సు చెదిరిన రోగికి వైద్యుడు మందు వ్రాసిన తరువాత, అతడు దానిని సక్రమంగా వాడుతున్నాడా అని మాత్రమే మనం విచారిస్తాము. ఆ మందు అతని శరీరాన్ని ఏమి చేస్తున్నదో పరిశీలించేవారు అరుదు.

1952లో పారిస్ నగరంలో క్లోర్‌ప్రోమజైన్ వాడుకలోనికి వచ్చిన నాటినుండి మానసిక వైద్యంలో నూతనాధ్యాయం ఆరంభమైనది. ఏళ్ల తరబడి ఆసుపత్రులలో మగ్గినవారెందరో ఇండ్లకు మరలగలిగారు. అయితే ఈ జాతి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనపు పనిని అడ్డగిస్తాయి. అందువలన కొందరికి వణుకు, కండరాల బిగువు, ఒకచోట కూర్చుండలేని తహతహ కలుగుతాయి. నెలలో, సంవత్సరాలో గడచిన పిమ్మట కొందరికి పెదవులు, నాలుక, దవడ తమంత తామే కదలసాగుతాయి. దీనిని టార్డివ్ డిస్కినీషియా అంటారు. ఆలస్యమైతే, మందు మానినను ఇది పోకపోవచ్చును.

పెనుబల్లి వంటి అడవి సరిహద్దు ప్రాంతాలలో ఈ చిహ్నాలను చూచి పిచ్చి ముదిరినదనో, గాలి సోకినదనో భావించే ప్రమాదమున్నది. భయపడి మందు మానిపిస్తే అసలు వ్యాధి తిరగబెడుతుంది.

దీనిని కనిపెట్టుటకు 200 కిలోమీటర్లకు పైబడిన ఎర్రగడ్డ ఆసుపత్రికే పోనక్కరలేదు. 1976లో అమెరికాలో వెలువడిన ‘ఎయిమ్స్’ అనే పరీక్షకు ఒక కుర్చీ, పది నిమిషాల ఓపిక చాలును. రోగి నోట వక్క వంటిదేమైనా ఉన్నదేమో చూచి, చెప్పులు విప్పించి, చేతులు మోకాళ్లపై పెట్టించి కూర్చుండబెట్టవలెను. నోరు తెరిపించి నాలుకను చూడవలెను. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్లను వరుసగా తాకిస్తూ ముఖాన్ని గమనింపవలెను. పిదప నాలుగడుగులు నడిపించి, కదలికలకు 0 నుండి 4 వరకు అంకె వేయవలెను. కనీసం ఏడాదికొకసారి, వృద్ధులవంటి ప్రమాదమధికమైన వారికి ఆరు నెలలకొకసారి ఇట్టి పరీక్ష జరగాలని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2020లో సూచించినది.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే ఆరంభమైనది. మాత్రలు పంచుటతో దాని ధర్మం తీరదు. మాత్రలిచ్చే చోటనే ఈ పరీక్ష జరిపి, ఫలితాన్ని రోగి చీటీపై వ్రాయుట నియమం కావలెను.

విద్యార్థి మిత్రులారా! రోగనిర్ణయం మన పని కాదు. కాని వణికే చేతిని చూచి నవ్వకుండుట, మందు మానవద్దని నచ్చజెప్పి రోగిని వైద్యునివద్దకు తోడ్కొనిపోవుట మనకు సాధ్యమే. కళాశాల సంఘంవారు జాతీయ సేవా పథకం శిబిరాలలో ఈ విషయానికి ఒక పూట కేటాయించవలసినదిగా మనవి. మతి కుదుటపడిన మనిషి, మూతి వంకరపోతున్నదని నలుగురిలోనికి రాలేకపోతే, ఆ వైద్యం సగమే అయినది.